పటం ముందు కథకుడు: ఫ్రీ జాజ్, ఆధునిక చిత్రకళ, తెలంగాణ ఆశుకథనం

వ్యాససంగ్రహం

ఫ్రీ జాజ్ సంగీతాన్నీ, అమెరికన్ నైరూప్య చిత్రకళనూ ‘స్వేచ్ఛ’ అనే ఒక్క మాటతో జతచేసి చూడడం కళావిమర్శలో అలవాటుగా స్థిరపడింది. 1961లో వెలువడిన ఒక సంగీత రికార్డు అట్ట ఆ అలవాటుకు బలం చేకూర్చింది. పటాన్నీ ఆశుకథనాన్నీ ఒకే ప్రదర్శనలో నిలిపిన తెలంగాణ సంప్రదాయం వైపు నుంచి చూసినప్పుడు ఆ జత ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. కూనపులివారి పటంకథ, ఒగ్గుకథ, లక్ష్మాగౌడ్, తోట వైకుంఠం చిత్రాలు ఇందులో ప్రధానమైన పోలికలు.

కీలక పదాలు: ఆశుసృష్టి, ఫ్రీ జాజ్, పటంకథ, నకాషీ చిత్రకళ, ఒగ్గుకథ, వంత, ఆధునిక చిత్రకళ

ఉపోద్ఘాతం

జనగామ జిల్లా కొడకండ్ల చేనేతకు పేరున్న ఊరు. అక్కడి పద్మశాలి కుటుంబాలు ఎన్నో బతుకుదెరువు కోసం సూరత్, భివండి, సోలాపూర్ వంటి మరమగ్గాల పట్టణాలకు వలస వెళ్లాయి. పద్మశాలీల కులపురాణాన్ని పటం మీద బొమ్మలు చూపుతూ చెప్పే ఆశ్రితకులం కూనపులివారు. ఇటువంటి ప్రాంతంలో నిలబడి న్యూయార్కు జాజ్ గురించి మాట్లాడడం కొంత వింతగా తోచవచ్చు. ఈ వ్యాసానికి ప్రేరణ మాత్రం ఈ ప్రాంతపు విద్యార్థిని ఒకరు అడిగిన ప్రశ్నే.

ఎం.ఏ. తరగతిలో ఆధునికతావాదాన్ని బోధిస్తూ, సంగీతమూ చిత్రకళా ఒకే కాలంలో పాత కట్టుబాట్లను ఎలా వదిలించుకున్నాయో చెప్పడానికి ఆర్నెట్ కోల్‌మన్ ‘ఫ్రీ జాజ్’ ఆల్బమ్ అట్టను తెర మీద చూపించాను. అట్ట మీద జాక్సన్ పొలాక్ చిత్రం ఉంటుంది. కాసేపు సంగీతం కూడా వినిపించాను. నేతకుటుంబం నుంచి వచ్చిన ఆ విద్యార్థిని లేచి, “మేడం, ఈ బొమ్మ ఆ పాటదేనా? మా దిక్కు పటం చూస్తే ఏం కథనో తెలుస్తది. దీనికీ దానికీ సంబంధమేంది?” అని అడిగింది. రెండింటిలోనూ స్వేచ్ఛ ఉందని నేను చెప్పిన సమాధానం ఆమెకు సరిపోలేదు. తరువాత ఆలోచిస్తే నాకూ సరిపోలేదు.

రికార్డు అట్ట మీది బొమ్మ

కోల్‌మన్ టెక్సాస్ రాష్ట్రంలోని ఫోర్ట్ వర్త్‌లో 1930లో పుట్టాడు. 1959 నవంబరులో న్యూయార్కులోని ఫైవ్ స్పాట్ అనే క్లబ్బులో ఆయన బృందం వాయించినప్పుడు శ్రోతలు రెండుగా చీలారు. ఇది సంగీతమే కాదన్నవారు కొందరు, జాజ్‌కు ఇదే రేపటి రూపమన్నవారు కొందరు. 1960 డిసెంబరు 21న ఆయన ఎనిమిది మంది వాద్యకారులను రెండు చతుష్టయాలుగా విభజించి ఒకే స్టూడియోలో కూర్చోబెట్టాడు. స్టీరియో రికార్డులో ఒక చతుష్టయం ఎడమ చెవికి, రెండవది కుడి చెవికి వినిపిస్తుంది. ఎడమ వైపు కోల్‌మన్, డాన్ చెర్రీ, స్కాట్ లఫారో, బిల్లీ హిగ్గిన్స్. కుడి వైపు ఎరిక్ డాల్ఫీ, ఫ్రెడీ హబర్డ్, చార్లీ హేడెన్, ఎడ్ బ్లాక్‌వెల్. ఆగకుండా వాయించిన ఆ ముప్పై ఏడు నిమిషాల సంగీతం రికార్డు రెండు వైపులా పరచుకుంది. 1961లో అట్లాంటిక్ సంస్థ విడుదల చేసిన ఆ రికార్డు అట్టకు ఒక కిటికీ కోసి, ఆ సందులోంచి లోపలి చిత్రంలో ఒక మూల మాత్రమే కనబడేటట్లు తయారుచేశారు. అట్ట తెరిస్తే పొలాక్ 1954లో గీసిన ‘వైట్ లైట్’ పూర్తిగా కనిపిస్తుంది.

ఈ అట్ట ఒక వాదాన్ని మాటల్లేకుండా ప్రతిపాదించింది. గానంలో కోల్‌మన్ చేసిందీ, కాన్వాస్ మీద పొలాక్ చేసిందీ ఒకటేనన్నది ఆ వాదం. తరువాతి విమర్శ చాలావరకు దీనినే విస్తరించింది. విస్తరించినవారు కొన్ని అసౌకర్యాలను పక్కన పెట్టవలసి వచ్చింది. పొలాక్ 1956 ఆగస్టులోనే మరణించాడు. ఈ సంగీతాన్ని ఆయన వినే అవకాశమే లేదు. ఆయనకు జాజ్ అంటే ప్రాణమేనని, రోజుల తరబడి ఆ రికార్డులే వినేవాడని భార్య లీ క్రాస్నర్ చెప్పింది. అయితే ఆయన విన్నది లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, కౌంట్ బేసీ, బిల్లీ హాలిడేల పాత జాజ్. కోల్‌మన్ ఏ కట్టుబాటును వదిలాడో ఆ కట్టుబాటే పొలాక్ ఇష్టపడిన సంగీతానికి ఆధారం. మరొకటి, పొలాక్ పేరు చెప్పగానే మనకు గుర్తుకు వచ్చేది నేల మీద పరచిన గుడ్డ, డబ్బాలోంచి ధారగా జారే రంగు. ‘వైట్ లైట్’ పూర్తిగా ఆ పద్ధతిలో తయారైంది కూడా కాదు. అందులో ట్యూబులోంచి నేరుగా పిండిన రంగూ ఉంది, కుంచె పనీ ఉంది. చిత్రాలు గీయడం బాగా తగ్గిపోయిన దశలో చేసిన చిత్రం అది.

కోల్‌మన్ రికార్డింగు జరిగిన నెలల్లోనే మరో జాజ్ ఆల్బమ్ వెలువడింది. మాక్స్ రోచ్, ఆస్కార్ బ్రౌన్ జూనియర్ కలిసి రూపొందించిన ఆ ఆల్బమ్ పేరు ‘వి ఇన్‌సిస్ట్’. అది నల్లజాతి విముక్తిని గురించిన రచన. ఆ ఏడాది ఫిబ్రవరిలో గ్రీన్స్‌బరోలో నల్లజాతి విద్యార్థులు తెల్లవారికి మాత్రమే వడ్డించే హోటలు బల్ల ముందు కూర్చుని లేవబోమన్నారు. ఆ ఆల్బమ్ అట్ట మీద ఉన్నది అటువంటి బల్ల ముందు కూర్చున్న నల్లజాతి యువకుల ఫోటో. మా విద్యార్థిని ఈ అట్టను చూసి ఉంటే ఆ ప్రశ్న అడిగేది కాదు. ఆ బొమ్మ ఆ పాటదే. విమర్శ మాత్రం పొలాక్ అట్టనే తలకెత్తుకుంది. స్వేచ్ఛను ఒక చిత్రకారుడి ఏకాంత సాహసంగా చూపడం సులువు. బల్ల ముందు కూర్చున్నవారి స్వేచ్ఛ గురించి మాట్లాడాలంటే చరిత్రలోకి వెళ్లాలి.

ఏ నియమం నుంచి విడుదల?

‘ఫ్రీ’ అనే విశేషణం వినగానే నియమరహితమైన గందరగోళం అని అర్థం చేసుకునేవారు తెలుగులోనూ ఉన్నారు. రికార్డును శ్రద్ధగా వింటే అది నిలవదు. ఎనిమిది మందికీ వరుసగా వంతు వస్తుంది. ఒకరి వంతు ముగిసి మరొకరి వంతు మొదలయ్యే చోట ముందే కూర్చిన చిన్న సామూహిక ఖండిక ఉంటుంది. డ్రమ్ములు, బాస్ కలిసి లయను చివరి వరకూ నిలబెడతాయి. వదిలిపెట్టింది ప్రధానంగా ఒక్కటే. ముందే నిర్ణయించిన స్వరమేళనాల క్రమం. అంతవరకు జాజ్ వాద్యకారుడు ఆ క్రమం మీద నడుస్తూ ఆశుసృష్టి చేసేవాడు. ఇక్కడ అతడికి ఆ క్రమానికి బదులు పక్కవాడు అప్పుడే పలికిన పలుకు ఆధారమైంది. ఒకరు ఒక చిన్న పదబంధం అందిస్తే వెనుక ఉన్నవారు దాన్ని పట్టుకుని విరుస్తారు, మెలిపెడతారు, ఎగతాళి కూడా చేస్తారు. ఆల్బమ్ ఉపశీర్షికలోనే ‘సామూహిక ఆశుసృష్టి’ అని ఉంది. అట్ట మీది పొలాక్ ఏకాకి. లోపలి సంగీతంలో ఏకాకి ఎవరూ లేరు.

తెలుగు పాఠకుడికి ఈ సంగతి అర్థం కావడానికి జాజ్ అక్కరలేదు. అవధానం చాలు. నిషేధాక్షరిలో పృచ్ఛకుడు ఒక్కొక్క అక్షరాన్ని అడ్డుకుంటున్న కొద్దీ అవధాని ప్రతిభ వెల్లడవుతుంది. కర్ణాటక సంగీతంలో నెరవు చేసే గాయకుడు సాహిత్య పంక్తిని వదలడు, తాళంలో దాని చోటును వదలడు. తక్కినదంతా మనోధర్మం. ఆశుసృష్టి అంటే నియమం లేకపోవడం కాదని, ఏ నియమాన్ని నిలిపి దేన్ని వదలాలో ఎంచుకోవడమని మన సంప్రదాయాలకు ముందే తెలుసు. ఒక్క తేడా మాత్రం గుర్తుంచుకోవాలి. అవధాని సభలో పృచ్ఛకులు ఎందరున్నా పద్యం ఒక్కరిదే. ఆ విషయంలో ఫ్రీ జాజ్‌కు అవధానం కన్నా ఒగ్గుకథే దగ్గర.

చిత్రకళలో ఆశుసృష్టి అనే మాటకు ఇంకో చిక్కు ఉంది. 1911 జనవరి 2న మ్యూనిక్‌లో షోన్‌బర్గ్ సంగీత కచేరీ విన్న వెంటనే కాండిన్‌స్కీ ఒక చిత్రం గీశాడు. తన చిత్రాలను ఆయన సంగీతజ్ఞుడిలా వర్గాలుగా విభజించుకున్నాడు. వాటిలో ఒక వర్గానికి ‘ఇంప్రొవైజేషన్’ అని పేరు పెట్టాడు. కానీ ఆ వర్గంలోని కొన్ని చిత్రాలకు ముందుగా వేసుకున్న చిత్తుబొమ్మలు ఉన్నాయి. దీనిని తప్పు పట్టనవసరం లేదు. చిత్రకారుడికి కాలం వెనక్కి తిరుగుతుంది. పొలాక్ సైతం రంగు జార్చాక ఆగి, చూసి, రోజుల తరువాత మళ్లీ అదే గుడ్డ దగ్గరికి వచ్చేవాడు. 1950లో హాన్స్ నామత్ తీసిన సినిమాలో ఆయన నృత్యం చేస్తున్నట్లు కనిపిస్తాడు. 1952లో విమర్శకుడు హెరాల్డ్ రోజెన్‌బర్గ్ కాన్వాస్ అనేది బొమ్మ గీసే చోటు కాదని, క్రియ జరిగే రంగమని సిద్ధాంతీకరించాడు. ఆ సిద్ధాంతం చిత్రకారుడిని ప్రదర్శకుడిగా మార్చింది. కానీ ప్రేక్షకుడికి మిగిలేది క్రియ కాదు, దాని జాడ. సాక్సోఫోన్ వాదకుడు పలికిన స్వరాన్ని వెనక్కి తీసుకోలేడు. పొరపాటు పలికితే ఆ పొరపాటును ఒప్పుగా మార్చే తదుపరి స్వరాన్ని వెతుక్కోవాలి. ఆ వెతుకులాటను శ్రోత వింటాడు. ఈ తేడాను విస్మరించిన పోలిక ఎంత అందంగా చెప్పినా అట్ట దగ్గరే ఆగిపోతుంది.

బొమ్మ ఒకరిది, మాట ఒకరిది

ఇక పటంకథ దగ్గరికి వద్దాం. పటాన్ని చిత్రించేవారు నకాషీలు. వారిలో చేర్యాల కుటుంబాలు ఇప్పుడు ప్రసిద్ధం. చేర్యాల ఒకప్పటి వరంగల్ జిల్లాలోదే. 2016 జిల్లాల విభజనతో సిద్దిపేటకు వెళ్లింది, కొడకండ్ల జనగామకు వచ్చింది. నకాషీలు గుడ్డకు గంజి, సుద్దమన్ను, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూతలు పూసి ఆరబెడతారు. ఆ పైన ఎర్రని నేపథ్యం మీద కథను అడ్డ వరుసలుగా, పై నుంచి కిందికి చిత్రిస్తారు. పాత పటాలు పదుల అడుగుల పొడవు ఉండేవి. పటం నకాషీలకు కథ కాదు, కథ చెప్పేవారు అడిగి చేయించుకున్న వస్తువు. కూనపులివారు పద్మశాలీలకు, కాకిపడగలవారు ముదిరాజులకు, గౌడజెట్టివారు గౌడులకు, డక్కలివారు మాదిగలకు కథలు చెబుతారు. చిత్రించినవారు, చెప్పేవారు, వినేవారు మూడు వేర్వేరు కులాలు. ఈ మూడింటి మధ్య మిరాశీ ఒప్పందం ఉంది. దానిలో ఇచ్చిపుచ్చుకోవడాలూ ఉన్నాయి, హెచ్చుతగ్గులూ ఉన్నాయి. దీనిని సామరస్యపు చిత్రంగా చూపడం నా ఉద్దేశం కాదు. డక్కలివారి అనుభవం చదివినవారెవరూ అలా చూపలేరు.

కూనపులివారి పటంలో మార్కండేయుడి వంశం, భావనాఋషి తామరతూడు నుంచి నూలు సంపాదించడం, దేవతలకు వస్త్రం నేయడం, రాక్షసుడితో యుద్ధం వరుసగా ఉంటాయి. కథకుడు కర్రతో బొమ్మను చూపుతూ వరుస వెంట వరుస దిగుతాడు. ఇక్కడే అసలు సంగతి ఉంది. బొమ్మ మారదు. ఎవరు నిలబడి ఉండాలో, ఎవరి ఒంటి రంగు ఏదో, ఎవరు కుడి వైపు చూడాలో అన్నీ నియతం. కథ మాత్రం ఆ రాత్రి, ఆ వాడ, ఆ శ్రోతలను బట్టి సాగుతుంది. ఒక వరుస దగ్గర గంటసేపు నిలిచి, రెండు వరుసలను నాలుగు మాటల్లో దాటేస్తాడు. ఎదుట కూర్చున్న పెద్దమనిషి ఇంటిపేరు భావనాఋషి సంతానంలో పలుకుతుంది. దానం ఇవ్వని ఇల్లు కూడా ఏదో ఒక పిట్టకథలో తగులుతుంది. నూలు ధర పెరిగిన ఏడాది దేవతలు సైతం నూలు కోసం కటకటపడతారు.

అంటే పటం కథకుడికి స్వరమేళనాల క్రమం వంటిది. స్థిరంగా ఉండి అతడికి నడిచే దారి ఇస్తుంది. ఆశుసృష్టి అంతా మాటలో ఉంది, బొమ్మలో లేదు. పాశ్చాత్య ఆధునికతావాదపు జత దీనికి తలకిందులు. అక్కడ బొమ్మా గానమూ రెండూ స్వేచ్ఛగా ఉండాలన్నారు. రెండూ స్వేచ్ఛగా ఉన్నప్పుడు ఒకదానికి ఒకటి ఏమీ ఇవ్వలేదు, ఒకే అట్ట మీద పక్కపక్కన నిలబడడం తప్ప. పటంకథలో ఒకటి కట్టుబడి ఉండడం వల్లనే రెండవది విడుదలయింది. కొందరు పరిశోధకులు నకాషీ చిత్రాలలో వైవిధ్యం లేదని, నమూనాల పునరావృత్తేనని తక్కువగా లెక్కిస్తారు. వారు పటాన్ని గోడకు తగిలించి చూస్తున్నారు. కర్ర పట్టుకున్న మనిషి పక్కన లేనప్పుడు పటం సగం వస్తువే.

ఆల్బర్ట్ లార్డ్ ‘ది సింగర్ ఆఫ్ టేల్స్’ వెలువడినది కూడా 1960లోనే. యుగోస్లావియా వీరగాథా గాయకులను రికార్డు చేసి, ప్రతి ప్రదర్శనా ఒక కొత్త రచనేనని, దానికి మూలప్రతి అంటూ ఒకటి ఉండదని ఆయన నిరూపించాడు. కోల్‌మన్ స్టూడియోలో ఆ రోజు వాయించినది కూడా రెండుసార్లు. మొదటిది పదిహేడు నిమిషాలది. అది 1971లో గాని వెలువడలేదు. రెండింటిలోనూ సామూహిక ఖండికలు గుర్తుపట్టగలిగినట్లే ఉంటాయి, మధ్యలోది వేరు. లార్డ్ చెప్పింది వినడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. మన జానపద పరిశోధన 1950లలో బిరుదురాజు రామరాజు గారితో శాస్త్రీయంగా మొదలైంది. పాఠాల సేకరణలో అది చేసిన కృషి అపారం. అయినా సేకరించిన ఒక రాత్రి ప్రదర్శనను ‘పాఠం’ అని, మరో రాత్రిదాన్ని ‘పాఠాంతరం’ అని పిలిచే అలవాటు తాళపత్రాల పరిష్కరణ నుంచి వచ్చింది. ఆ పదాలు ఆశుకథనానికి సరిపోవు.

వంత

లింగాలఘనపురం మండలం మాణిక్యపురం కూడా ఇప్పుడు జనగామ జిల్లాలోదే. కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం పొందిన ఒగ్గుకథా విద్వాంసులు చుక్క సత్తయ్య అక్కడివారు. 2017 నవంబరులో మరణించారు. ఒగ్గుకథకు పటం లేదు. కురుమల, గొల్లల మధ్య పెరిగిన ఈ ప్రక్రియలో మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మల కథలను ఒగ్గు, డోలు, తాళాల సహాయంతో చెబుతారు. బొమ్మ లేని లోటును ఒళ్లు తీరుస్తుంది. కథకుడే బీరప్ప, అతడే కామరతి. కండువా తల మీదికి వస్తే స్త్రీ, నడుముకు చేరితే వీరుడు.

ఇక్కడ చెప్పదలచింది వంత గురించి. ప్రధాన కథకుడి పక్కన నిలబడే వంతకాడిని మనం అనుచరుడిగా లెక్కిస్తాం. “ఆఁ” అంటాడు, చివరి మాటను అందుకుంటాడు, “అటెన్క ఏమాయె” అని అడుగుతాడు. కానీ కథ ఎటు తిరగాలో చాలాసార్లు నిర్ణయించేది ఆ అడగడమే. వంతకాడు ఒక మాటను రెండుసార్లు అంటే కథకుడు అక్కడ ఆగాలి. అతడు నవ్విస్తే కథకుడు ఆ నవ్వును కరుణలోకి తిప్పాలి. డోలు వేగం పెంచితే వచనం పాట కావాలి. డాల్ఫీ వెనుక నుంచి ఒక కూత కూస్తే కోల్‌మన్ తన వాక్యాన్ని వంచిన క్షణానికీ దీనికీ మధ్య నాకు తేడా కనిపించదు. రెండు చోట్లా స్వేచ్ఛ ఒక మనిషి గుండెలో పుట్టేది కాదు. పక్కవాడి మాట వినడం వల్ల వచ్చేది.

చిన్నతనం నుంచి బృందంతో తిరుగుతూ వంతపాడినవాడే తరువాత కథకుడవుతాడు. ఎందుకంటే వినడమే ఇక్కడ విద్య. పురస్కారాలు, డాక్యుమెంటరీలు, రంగస్థల ప్రదర్శనలు ప్రధాన కథకుడి పేరునే గుర్తిస్తాయి. రాత్రులకు రాత్రులు సాగే కథను అరగంటకు కుదించవలసి వచ్చినప్పుడు మొట్టమొదట కోత పడేది వంతకే. జాజ్‌లోనూ ఇటువంటి అన్యాయం ఉంది. రికార్డు మీద పెద్ద అక్షరాలలో ఉండేది నాయకుడి పేరే. కానీ ఎనిమిది మంది పేర్లూ ఆ అట్ట మీద ఉన్నాయి. మన ఒగ్గుకథల గ్రంథాలలో వంతకాండ్ల పేర్లు వెతికి చూడండి.

తెలంగాణ చిత్రకారులు ఏం తీసుకున్నారు?

ఆధునిక చిత్రకళ తెలంగాణకు వచ్చేసరికి అది నైరూప్యపు దారి పట్టలేదు. కరీంనగర్ ప్రాంతం వారైన పి.టి. రెడ్డి బొంబాయి జె.జె. స్కూలులో చదివి, 1940ల తొలినాళ్లలోనే అక్కడి యువ ఆధునిక చిత్రకారుల బృందంలో ఉన్నారు. చేర్యాలకు దగ్గరలోని సిద్దిపేటలో కాపు రాజయ్య బోనాలు, బతుకమ్మ, పల్లె ఆచారాలు చిత్రించారు. ఆ తరువాతి తరంలో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన లక్ష్మాగౌడ్, కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠం ఇద్దరూ హైదరాబాదులో చదివి బరోడా వెళ్లారు. అక్కడ కె.జి. సుబ్రమణ్యన్ జానపద కళలను మ్యూజియం వస్తువులుగా గాక, బతికి ఉన్న భాషలుగా చూడడం నేర్పుతున్నాడు. 1970లలో లక్ష్మాగౌడ్ గీసిన ఇంకు చిత్రాలలో, ఎచింగులలో పల్లె మనుషుల ఒళ్లు, మేకలు, చెట్లు ఒకదానిలోంచి ఒకటి మొలుస్తాయి. ఆ గీత ముందే నిర్ణయమైనది కాదని చూడగానే తెలుస్తుంది. చేయి ఎటు పోతే బొమ్మ అటు పోయింది. మన చిత్రకారులలో ఆశుసృష్టి అనే మాటకు నా దృష్టిలో అసలైన ఉదాహరణ ఆయన గీత.

వైకుంఠం విషయం ఇంకా ఆసక్తికరం. పెద్ద బొట్టు, ముదురు రంగుల చీర, నిండైన ఒళ్లు గల ఆయన తెలంగాణ స్త్రీలను ఎరుగనివారు లేరు. చిన్నతనంలో ఊరూరా తిరిగే నాటక బృందాలలో ఆడవేషం కట్టిన మగవారిని చూసి ముగ్ధుడినయ్యానని ఆయన చెప్పుకున్నారు. అంటే ఆ స్త్రీమూర్తికి మూలం ప్రదర్శన. కండువా తల మీదికి లాగితే స్త్రీ అయిపోయే ఒగ్గుకథకుడి వంటి మనిషి. బి. నర్సింగరావు ‘దాసి’ చిత్రానికి కళాదర్శకత్వం వహించి జాతీయ పురస్కారం అందుకున్న వైకుంఠానికి కదిలే బొమ్మ సంగతి తెలియనిది కాదు. అయినా ఆయన కాన్వాస్ మీద స్త్రీలు కదలరు, మాట్లాడరు. ఆ ఎరుపు పటం ఎరుపుకు దగ్గరగా కనిపిస్తుంది. దీనిని వారసత్వం అనడం కన్నా పోలిక అనడమే న్యాయం. నాకు ఈ చిత్రాలంటే ఇష్టమే. కానీ వాటి ముందు నిలబడినప్పుడల్లా కర్ర పట్టుకున్న మనిషి ఎక్కడికి పోయాడనే ప్రశ్న వస్తుంది.

ఇటువంటి ప్రశ్నను అమెరికాలో ఒకరు ఎదుర్కొన్నారు. నల్లజాతి చిత్రకారుడు రోమేర్ బేర్డెన్‌కు స్టూవర్ట్ డేవిస్ అనే సీనియర్ చిత్రకారుడు ఒక సలహా ఇచ్చాడు. ఎర్ల్ హైన్స్ పియానో వినమన్నాడు. స్వరాల కోసం కాదు, స్వరాల నడుమ ఖాళీల కోసం. 1964లో బేర్డెన్ పత్రికల ఫోటోలను చించి అతికించిన ‘ప్రొజెక్షన్స్’ వరుసను ప్రదర్శించాడు. ఒక ముఖంలో రెండు మూడు ముఖాల ముక్కలు, మనిషి కన్నా పెద్ద చేయి, రైలు పెట్టె, కిటికీ అందులో కనిపిస్తాయి. ఒక ముక్క పక్కన మరొకటి ఎంత ఎడంలో ఉండాలన్నది వంతకాడి సమయస్ఫూర్తి వంటి విషయం. ఫ్రీ జాజ్‌కు చిత్రకళలో తోడు కావాలంటే నేను పొలాక్‌ను గాక బేర్డెన్‌ను చూపిస్తాను. ఆ సంగీతాన్ని పుట్టించిన సమాజమే ఆయనదీ. తనకు దొరికిన ముక్కలతోనే పలకాలన్న కట్టుబాటు ఆయనదీ.

నదిలో కలిసిన పటం

పటం చిరిగి, రంగు పోయి, ఇక చూపడానికి పనికిరానప్పుడు కథకులు దానిని పారవేయరు, అమ్ముకోరు. మనిషికి చేసినట్లు కర్మ చేసి నదిలో కలుపుతారు. కొత్త పటం చేయించుకుంటారు. మన దగ్గర పురాతనమైన పటాలు అరుదుగా మిగలడానికి ఈ ఆచారం కూడా ఒక కారణం. మ్యూజియం దృష్టికి ఇది నష్టం. హైదరాబాదులోని జగదీశ్, కమలా మిత్తల్ మ్యూజియం వంటి చోట్ల మిగిలిన దక్కనీ పటాలు లేకపోతే ఈ చిత్రకళా చరిత్రను రాయడమే సాధ్యం కాదు. ఆ కృతజ్ఞత నాకు ఉంది. కానీ కథకుల దృష్టికి పటం కథకు పనిముట్టు. కథ సాగుతున్నంతకాలం పటం చావవచ్చు, మళ్లీ పుట్టవచ్చు.

ఇప్పుడు జరుగుతున్నది తిరగబడింది. పటం మిగులుతోంది, కథ పోతోంది. నకాషీ కుటుంబాలు గోడకు తగిలించే చిన్న బొమ్మలు, ముఖాలు, తాళంచెవి గొలుసులు చేసి బతుకుతున్నాయి. వారిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. పెద్ద పటం చేయించుకునేవారు లేకపోతే వారేం చేస్తారు? నూరు బొమ్మల పటంలో ఒక్క బొమ్మ చట్రంలో బిగించుకుని బైఠకఖానాకు చేరింది. మగ్గం వదిలి సూరత్ వెళ్లిన కుటుంబం పేరును కూనపులి కథకుడు ఎవరి ముందు పలకాలి? వాడలో వినేవారు లేనప్పుడు పటంలోని భావనాఋషికి సంతానం ఆగిపోయినట్లే. జాజ్‌కు రికార్డు పరిశ్రమ ఉంది కాబట్టి ఆ ముప్పై ఏడు నిమిషాలు మిగిలాయి. మిగలడం వల్ల ఒక రాత్రి వాయించినది శాశ్వతపాఠంగా గడ్డకట్టి, నేటి విద్యార్థులు కోల్‌మన్ ఆశుసృష్టిని స్వరలిపి చూసి అభ్యసిస్తున్నారు. పూర్తిగా పోవడం, గడ్డకట్టి మిగలడం, రెండూ ఆశుసృష్టికి ప్రమాదాలే. మొదటిది పెద్దది.

ఈ విషయంలో పరిశోధకులుగా మన వంతు తప్పు కూడా ఉంది. నా సిద్ధాంతగ్రంథం ఒగ్గుకథ మీదే. రికార్డు చేసిన ప్రదర్శనలను అక్షరబద్ధం చేసేటప్పుడు వంతకాడి పలుకులను పునరుక్తులని భావించి తీసివేశాను. పుటలు తగ్గాయి, కథ ‘శుభ్రంగా’ చదవడానికి వీలుగా వచ్చింది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఆ విద్యార్థిని ప్రశ్న తరువాత పాత రికార్డింగులు తెరిచి, ఈసారి వంతను మాత్రమే వింటూ రాసుకోవడం మొదలుపెట్టాను. మొదటి రాత్రి రికార్డింగులో, బీరప్ప కథ మధ్యలో, ప్రధాన కథకుడు ఒక ఊరి పేరు తప్పు పలుకుతాడు. వంతకాడు “ఆ ఊరు గాదే అన్నా, ఏటి అవుతల ఊరు” అంటాడు. జనం నవ్వుతారు. కథకుడు ఒక్క క్షణం ఆగి, “తొవ్వ తప్పిన బీరప్ప ఏటి ఒడ్డున నిలవడి అడిగిండు” అని అందుకుని, ఆ తొవ్వ తప్పడం నుంచి దాదాపు పావుగంట కొత్త కథ నడిపిస్తాడు. నా సిద్ధాంతగ్రంథంలో ఆ చోట మూడు చుక్కలు మాత్రమే ఉన్నాయి.